ప్రొమీథియస్ పేరు ఎవరిది?

ప్రొమీథియస్ అనే గ్రీకు పేరు సంస్కృతంలో నిప్పు పుట్టించే కర్రకు పేరైన 'ప్రమంథ' శబ్దం నుంచి పుట్టిందనీ, కాబట్టి దేవలోకం నుంచి నిప్పును దొంగిలించి మనుషులకిచ్చిన ఆ వీరుడి కథ మూలంలో మనదేననీ చెప్పే వాదన మన చదువరుల మధ్య చాలాకాలంగా తిరుగుతోంది. ప్రసంగాల్లోనూ, ఫోన్లలో చేతులు మారే సందేశాల్లోనూ అది ఎప్పుడో రుజువైపోయిన సంగతిలా వినిపిస్తుంది. రెండు పేర్ల పోలిక చెవికి ఇట్టే తగులుతుంది, రెండూ నిప్పుతో ముడిపడినవే కావడంతో నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. ఈ వాదన వెనుక నూటయాభై ఏళ్లకు పైబడిన భాషాశాస్త్ర చర్చ ఉంది, అందులో కొంత సారమూ ఉంది కనుక దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అయితే మన దగ్గర చలామణి అవుతున్న రూపంలో మాత్రం అది నిలవదు. పైగా ఆ పేరు మీద గ్రీకులు కట్టుకున్న ఒక గొప్ప ఆలోచన మన కంట పడకుండా అది అడ్డుపడుతోంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండో సంగతే.

గ్రీకులు తమ పేరును తామెలా విన్నారో ముందు చూడాలి. వారి భాషలో 'ప్రొమేథేస్' అంటే ముందుగా ఆలోచించి అడుగు వేసే మనిషి, 'ప్రొమేథెయా' అంటే ముందుచూపు. ఇవి పురాణాలకే పరిమితమైన మాటలు కావు, చరిత్ర రాసిన హెరొడోటస్ తన వచనంలో సహజంగా వాడుకున్నవి. కాబట్టి ప్రొమీథియస్ అనగానే గ్రీకు శ్రోతకు ఎవరూ విప్పి చెప్పకుండానే 'ముందుచూపు గలవాడు' అన్న అర్థం స్ఫురించేది. క్రీస్తుపూర్వం 700 ప్రాంతంలో గ్రీకు కవి హెసియొడ్ రాసిన రెండు కావ్యాల్లోనే ఈ కథ మనకు మొదటిసారి పూర్తిగా దొరుకుతుంది, అప్పటికే పేరు తన అర్థంతో పాటు కథలో పని చేస్తోంది. ఇయాపెటస్ కొడుకులు నలుగురిలో ప్రొమీథియస్‌కు తోడుగా ఎపిమీథియస్ అనే తమ్ముడున్నాడు. 'ప్రొ' అంటే ముందు, 'ఎపి' అంటే తరువాత. ఒలింపస్ నుంచి దేవతల రాజు జియూస్ ఏ కానుక పంపినా పుచ్చుకోవద్దని, వచ్చినదాన్ని వచ్చినట్టే తిప్పి పంపమని అన్న ముందే హెచ్చరించి ఉంటాడు. దేవదూత హెర్మీస్, మనుషులకు కీడుగా దేవతలు మలచిన పండోరా అనే స్త్రీని వెంటబెట్టుకుని రాగానే తమ్ముడికి ఆ మాట గుర్తుకు రాలేదు. పుచ్చుకున్నాడు, కీడు చేతికి వచ్చాకగాని అది కీడని గ్రహించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే మనిషికి గ్రీకులు పెట్టిన పేరు ఎపిమీథియస్. అన్న పేరుకు ఎదురుగా నిలబెట్టడానికే ఈ పేరును తీర్చారని దాని పోతపోసిన తీరే చెబుతుంది. కాబట్టి హెసియొడ్ నాటికే, బహుశా అంతకు ఇంకా ముందే, 'ముందుచూపు' అన్న అర్థం గ్రీకుల మనసులో స్థిరపడి ఉండాలి. ఆ తరువాత క్రీస్తుపూర్వం 462లో సైరీన్ రాజు రథవిజయాన్ని కీర్తిస్తూ రాసిన గీతంలో పిండార్ అనే కవి 'సాకు' అనే దానికి రూపమిచ్చి, ఆమెను ఆలస్యంగా ఆలోచించే ఎపిమీథియస్ కూతురని అంటాడు. ఇంటి పేరుకు తగ్గ సంతానం.

దొంగతనం జరిగిన తీరు కూడా పేరుకు తగినట్టే ఉంటుంది. మెకోనె అనే చోట ఎద్దును పంచినప్పుడు మాంసాన్ని పొట్టతోలు కింద దాచి, ఎముకలను మెరిసే కొవ్వుతో కప్పి జియూస్ ముందు పెట్టిన ప్రొమీథియస్ మీద కోపంతో ఆ దేవుడు మనుషులకు నిప్పు అందకుండా చేస్తాడు. అప్పుడు ప్రొమీథియస్ నిప్పును తెచ్చింది దివిటీతో కాదు, 'నార్థెక్స్' అనే మొక్క కాడలో దాచుకుని. మధ్యధరా తీరాల్లో నేటికీ కొండవాలుల మీద మనిషి ఎత్తును మించి పెరిగే ఈ మొక్క కాడ లోపల తెల్లని బెండు ఉంటుంది. ఎండిన కాడలో ఆ బెండుకు నిప్పు అంటిస్తే మంట లేవకుండా నెమ్మదిగా లోలోపల రాజుకుంటూ పోతుంది, పై బెరడు మాత్రం చెక్కుచెదరదు. చూసేవారికి చేతిలో ఉన్నది ఒక ఎండు కర్ర. 1700లో గ్రీకు దీవుల్లో తిరిగిన ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త టూర్నెఫోర్, అక్కడి జనం అదే కాడలో నిప్పును ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకుపోవడం చూసి రాశాడు. హెసియొడ్ ఆ కాడను ఎందుకు ఎంచుకున్నాడో ఈ వివరం తెలిస్తే అర్థమవుతుంది. దేవుళ్ల కళ్లెదుటే నడిచి వెళ్లవలసిన దొంగ ఏ పాత్ర పట్టుకెళ్లాలో ముందే ఆలోచించుకున్నాడు.

ఏథెన్సు వాళ్లకు ఆయన కేవలం కథలోని మనిషి కాదు. ప్లేటో పాఠాలు చెప్పిన అకాడమీ ఆవరణలోనే ప్రొమీథియస్ బలిపీఠం ఉండేది. అక్కడి నుంచి నగరం దాకా వెలిగే కాగడాలతో పరుగుపందెం జరిగేదని, ముందున్నవాడి కాగడా ఆరిపోతే గెలుపు వెనకవాడిదవుతుందని, అందరివీ ఆరిపోతే ఎవరూ గెలవనట్టేనని పాతకాలపు గ్రీకు యాత్రికుడు పౌసానియస్ నమోదు చేశాడు. ఫోకిస్ ప్రాంతంలోని పనొపియస్ దగ్గర ప్రొమీథియస్ మనుషులను మలచగా మిగిలిన మట్టి ఇదేనని చూపించే పెద్ద రాళ్లున్నాయని, వాటికి మనిషి ఒంటి వాసన వస్తుందని అంటారనీ ఆయనే రాశాడు. ఈ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు ఆ రాళ్ల దగ్గరకు వెళ్లి నిలబడాలనిపిస్తుంది.

ఇక ప్రమంథం సంగతి. 1859లో బెర్లిన్ పండితుడు ఆడల్‌బర్ట్ కూన్ అగ్ని, అమృతపానం స్వర్గం నుంచి దిగివచ్చిన కథల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. ఋగ్వేదంలో మాతరిశ్వుడు అగ్నిని దివి నుంచి తెచ్చి మనుషులకు ఇవ్వడానికీ, గ్రీకు కథకూ ఉన్న సామ్యాన్ని ఆయన పట్టుకున్నాడు. ప్రొమీథియస్ పేరును సంస్కృతంలోని 'మథ్' ధాతువుతోనూ, అరణి మథనంలో తిరిగే కర్రకు పేరైన ప్రమంథంతోనూ కలిపాడు. మొదట కర్రల రాపిడితో నిప్పు పుట్టించే పద్ధతికి వ్యక్తిరూపంగా పుట్టిన పేరు, ఆ పద్ధతి మరుగున పడ్డాక, గ్రీకులో 'ఆలోచన' అన్న అర్థం వైపు ఒరిగిందని ఆయన ఊహ. ఈ ఊహకు ఒక గ్రీకు సాక్ష్యం కూడా దొరికింది. ప్రొమీథియస్ నిప్పును దొంగిలించాడని కొందరు కథకులు చెబుతారుగాని నిజానికి అతడు కనిపెట్టింది నిప్పు పుట్టించే కర్రలనేనని సిసిలీకి చెందిన చరిత్రకారుడు డయొడోరస్ ఒకచోట అంటాడు.

అరణి మథనాన్ని దగ్గరగా చూసినవారికి కూన్ వాదన ఎందుకంత ఆకర్షిస్తుందో తెలుస్తుంది. నేను ఒక యాగశాలలో చూశాను. కింద అధరారణి, దానిలో చిన్న గుంట. నిలువుగా చాత్రమనే కడ్డీ, దాని అడుగున బిగించిన కొయ్యముక్కే ప్రమంథం. పైనుంచి ఓవిలితో ఒకరు బలంగా అదిమి పడితే, కడ్డీకి చుట్టిన తాడును మరొకరు కవ్వంతో మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ లాగుతారు. గుంటలో రాలే పొడి మొదట గోధుమరంగులో ఉండి, క్రమంగా నల్లబడి, పొగ లేచి, చివరకు కంటికి ఆనీ ఆననంత నిప్పుకణం కనబడగానే దాన్ని కొబ్బరిపీచులోకి ఎత్తి ఊదుతారు. పొడి కర్రలోంచి నిప్పు రావడం కళ్లారా చూశాక, ఇంతటి పనికి ఒక దేవుడి పేరు పెట్టుకోకుండా ఎవరుంటారనిపిస్తుంది.

అయినా ఆకర్షణ వేరు, ఆధారం వేరు. 'ప్రమంథ' అనే మాట ఋగ్వేదంలో లేదు. తరువాతి కర్మకాండ గ్రంథాల్లో, యజ్ఞపరికరాల వర్ణనలో అది కనిపిస్తుంది. గ్రీకు, సంస్కృత భాషలకు పూర్వరూపమైన భాషలో ఇలాంటి పరికరానికి ఇదే పేరుండేదని చెప్పడానికి ఆ సాక్ష్యం చాలదు. పైగా ప్రమంథం ఒక కొయ్యముక్క. అది నిప్పును పుట్టిస్తుందిగాని ఎక్కడి నుంచీ ఎత్తుకురాదు. గ్రీకు కథకు ప్రాణం దొంగతనంలో ఉంది. కూన్‌కు ఈ చిక్కు తెలుసు, అందుకే బలాత్కారంగా లాక్కోవడం అనే అర్థమున్న 'ప్రమాథ' శబ్దాన్ని కూడా వాదనలోకి తెచ్చి, చిలకడం, లాక్కోవడం రెండూ ఒకే ధాతువు అర్థాలని భావించాడు.

ఆ ముడిని 1960లో జర్మన్ భాషావేత్త యొహన్నా నార్టెన్ విప్పింది. వేదభాషలోని ఈ క్రియ ప్రయోగాలన్నిటినీ పరిశీలించి, చిలకడం అనే అర్థమున్న 'మంథ్' ఒకటి, లాక్కోవడం అనే అర్థమున్న 'మథ్' మరొకటి అని, రెండూ మొదట వేరువేరు ధాతువులని, కాలక్రమంలో రూపాలు కలగలిసిపోయాయని ఆమె చూపించింది. ఋగ్వేదం మొదటి మండలం 93వ సూక్తంలో ఒక ఋక్కు చూడండి. "ఆన్యం దివో మాతరిశ్వా జభారామథ్నాదన్యం పరి శ్యేనో అద్రేః." అగ్నీషోముల గురించిన మాట ఇది. ఇద్దరిలో ఒకరిని మాతరిశ్వుడు దివి నుంచి తెచ్చాడు, రెండోవారిని డేగ కొండ మీది నుంచి 'అమథ్నాత్' అంటోంది ఋక్కు. డేగ సోమాన్ని కొండ మీది నుంచి చిలికిందంటే వాక్యం కుదరదు, లాక్కొచ్చిందంటేనే కుదురుతుంది. దైవలోకపు సొత్తును ఎత్తుకురావడానికి వేదకవి వాడిన క్రియ ఇదే. కాబట్టి ప్రొమీథియస్ పేరుకు సంస్కృతంలో చుట్టరికం ఉందనుకుంటే అది కొయ్యముక్కతో కాదు, ఈ 'లాక్కోవడం'తో. పేరుకు తొలి అర్థం 'ఎత్తుకుపోయేవాడు' అయి ఉంటుందని కొందరు తులనాత్మక భాషావేత్తలు నేడు అనుకుంటున్నది ఈ దారిలోనే.

ఇక్కడా ఒక అడ్డంకి ఉంది. గ్రీకులో డోరిక్ మాండలికం ఈ పేరును 'ప్రొమాథెయుస్' అని దీర్ఘంతో పలికేది, 'మథ్' ధాతువులో ఉన్నది హ్రస్వం. పాత పద్ధతిలో పేరును 'నేర్చుకోవడం' అనే అర్థమున్న గ్రీకు క్రియ 'మంథానో'తో కలిపేవారికీ ఇదే దీర్ఘం చిక్కు తెస్తుంది. కనుక పుట్టుక విషయంలో తలుపు తెరిచే ఉంది. కాని రెండు వాదాల్లో ఏది నెగ్గినా, సంస్కృతం నుంచి గ్రీకులోకి పేరు ప్రయాణం చేసిందన్న మాట మాత్రం పుట్టదు. పితృ శబ్దానికీ గ్రీకు 'పతేర్'కూ ఉన్న సంబంధం లాంటిదే ఇక్కడా ఉండి ఉండవచ్చు. ఒకటి రెండోదాన్ని కనలేదు, రెండూ ఇంకా పాతదైన ఒక భాష నుంచి చెరో దారిన వచ్చాయి. కూన్ కూడా చెప్పింది అంతే.

పేరు పుట్టుకను ఆస్తిహక్కుగా మార్చుకుంటే ఏమవుతుందో యూరప్ చరిత్ర చూపించింది. 1872లో జర్మన్ తత్త్వవేత్త నీషే తన తొలి పుస్తకంలో ప్రొమీథియస్ కథను మొత్తం ఆర్యజాతి సమష్టి సొత్తుగా వర్ణించి, ఏదెను తోటలో పతనం కథను సెమిటిక్ జాతికి అప్పగించి, రెండిటినీ ఎదురెదురుగా నిలబెట్టాడు. ట్రాయ్ తవ్వకాలు జరిపిన ష్లీమన్, అక్కడ దొరికిన స్వస్తిక గుర్తులకు అర్థం వెతుకుతూ, ఫ్రెంచి సంస్కృత పండితుడు ఎమీల్ బ్యూర్నూఫ్ సాయంతో ఆ గుర్తును అరణులతోనూ ప్రమంథంతోనూ ముడిపెట్టి 1870లలో అచ్చువేశాడు. హిట్లర్ 1925లో తన పుస్తకంలో ఆర్యుణ్ణి మానవజాతికి ప్రొమీథియస్ అన్నాడు. ధాతువులను శ్రద్ధగా పోల్చిన కూన్‌ను దీనికి బాధ్యుణ్ణి చేయడం అన్యాయం. కాని ధాతువు దగ్గర మొదలైన మాట జాతి దగ్గరికి ఎంత త్వరగా చేరిందో గమనించకపోతే మనమూ అదే జారుడుబండ మీద కూర్చున్నట్టు.

ఆ కథ ఒక జాతి సొత్తు అన్నమాట వాస్తవానికి కూడా నిలవదు. ప్రొమీథియస్‌ను నిప్పు దొంగిలించినందుకు జియూస్ కట్టేసిన చోటుగా తరువాతి గ్రీకులు చెప్పుకున్న కాకసస్ పర్వతాల్లోనే జార్జియా ప్రజలకు అమిరాని అనే వీరుడున్నాడు. దేవుణ్ణి ఎదిరించినందుకు అతణ్ణీ కొండకు గొలుసులతో బంధించారు. అతడి కుక్క గొలుసును నాకి నాకి పలచన చేస్తుంది. ఏడాదికొకసారి కమ్మరులు దాగలి మీద సుత్తితో కొడితే గొలుసు మళ్లీ గట్టిపడుతుంది. జార్జియా భాష సంస్కృతానికీ గ్రీకుకూ ఏ విధమైన చుట్టమూ కాదు.

తెలుగువాళ్లుగా మనం ఈ విషయంలో ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలని నాకనిపిస్తుంది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, దాని కుటుంబం వేరని మద్రాసులో ఎల్లిస్ దొర 1816లోనే కాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో నిరూపించాడు. మథనం, అరణి, అగ్ని అనే మాటలు మనవి కావడానికి కారణం వంశం కాదు, వందల ఏళ్ల చదువు, ప్రేమ. అదే చదువుతో, అదే ప్రేమతో గ్రీకు పేరును దగ్గర చేసుకోవచ్చు. దాన్ని సొంతం చేసుకోవడానికి దాని అర్థాన్ని చెరిపివేయనక్కరలేదు.

చుట్టరికమే కావాలనుకునేవారికి గ్రీకులు చెప్పిన అర్థంలోనే అది దొరుకుతుందని నా అభిప్రాయం. గ్రీకు 'ప్రొ' మన 'ప్ర'కు తోబుట్టువు. 'మంథానో' క్రియను మనస్సు, మతి అనే మాటలకు మూలమైన 'మన్' ధాతువు బంధువర్గంలో చేర్చడం భాషావేత్తలకు పరిపాటి. ఈ రెండింటినీ కలిపితే సంస్కృతంలో వచ్చే మాట 'ప్రమతి'. ముందుచూపుతో కూడిన సంరక్షణ అని దాని భావం. ఋగ్వేదం మొదటి మండలం 31వ సూక్తంలో హిరణ్యస్తూప ఋషి అగ్నిని ఉద్దేశించి "త్వమగ్నే ప్రమతిస్త్వం పితాసి నః" అంటాడు. అగ్నీ, నువ్వే ప్రమతివి, నువ్వే మాకు తండ్రివి అని. ప్రొమీథియస్, ప్రమతి ఒకే పేరని నేననడం లేదు. నిప్పు దగ్గర నిలబడిన ఇద్దరు కవులు, ఒకరు గ్రీసులో, ఒకరు సప్తసింధువులో, దాన్ని ముందుచూపుతోనే జతచేశారంటున్నాను. అరణి కొయ్య పోలికకన్నా ఈ పోలిక నన్ను ఎక్కువగా కదిలిస్తుంది.

తేడా కూడా ఇక్కడే ఉంది, అది చిన్నది కాదు. మాతరిశ్వుడు అగ్నిని తెచ్చినందుకు వేదంలో అతణ్ణి ఎవరూ శిక్షించరు. దేవతలకూ మనుషులకూ అగ్ని దూతగా కుదురుకుంటాడు. గ్రీకు దొంగ బండకు వేలాడతాడు. శిక్ష ఉన్నచోటే ముందుచూపు అన్న పేరుకు పదును వస్తుంది, ఎందుకంటే ఏం జరగబోతోందో తెలిసినవాడు ఆ పని ఎందుకు చేశాడన్న ప్రశ్న పుడుతుంది. గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ పేరు మీద మనకు దక్కిన ప్రొమీథియస్ నాటకం, అది ఆయనదేనా అన్న వివాదం ఎలా ఉన్నా, ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. మొదటి దృశ్యంలోనే బంధించే పనికి వచ్చిన బలదేవత, దేవతలు నీకు ప్రొమీథియస్ అని పేరు పెట్టడం అబద్ధమైందని, ఈ సంకెళ్ల నుంచి బయటపడే దారి చూపడానికి నీకే ఒక ముందుచూపు గలవాడు కావాలని దెప్పిపొడుస్తాడు. ప్రొమీథియస్ మాత్రం జరగబోయేదంతా తనకు ముందే తెలుసునంటాడు. తరువాత సముద్రకన్యలు అడిగినప్పుడు, మనుషులకు తానిచ్చిన మొదటి వరం నిప్పు కాదని, తమ చావును ముందుగా చూసే శక్తిని వారి నుంచి తీసేసి దాని స్థానంలో గుడ్డి ఆశలను పెట్టానని చెబుతాడు. ముందుచూపే పేరుగా ఉన్నవాడు మనుషుల మీద దయతో వారి ముందుచూపును తగ్గించాడు. ప్రమంథమంటే కొయ్య అని సరిపెట్టుకున్న పాఠకుడికి ఈ మాటలో ఉన్న బరువు అందే అవకాశమే లేదు.

ఆ పేరును తరువాతి కాలం తనకు తోచిన పనులకు వాడుకుంది. పిడుగును లొంగదీసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1756లో ఆధునిక ప్రొమీథియస్ అన్నాడు. 1945లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో గుర్తించిన 61వ మూలకానికి ప్రొమీథియం అని పేరు పెట్టారు. ఈ వాడుకలన్నీ నిప్పును, తెగువను తీసుకున్నాయి. నాటకంలో ప్రొమీథియస్ తన గురించి తాను చెప్పుకున్న మాటను పెద్దగా పట్టించుకోలేదు. తెలిసే, తెలిసే తప్పు చేశాను, కాదనను అంటాడు ఆయన సముద్రకన్యలతో. మనుషులకు సాయపడి నా కష్టాన్ని నేనే తెచ్చుకున్నాను అంటాడు. ఆ వెంటనే ఒక మాట చేరుస్తాడు. అయినా శిక్ష ఇలా ఉంటుందని, మనిషి జాడలేని ఈ కొండ మీద, ఆకాశానికి తగిలిన బండల మధ్య ఇలా ఎండిపోతానని మాత్రం అనుకోలేదని. అంతా ముందే తెలుసునన్న మాటకు ఇది విరుద్ధంగా ఉందని వ్యాఖ్యాతలు తగవులాడుకోవచ్చు. నాకైతే ఈ రెండు మాటలూ ఒకే నోట రావడం నిజమనిపిస్తుంది. శిక్ష పడుతుందని తెలియడం, ఆ శిక్ష ఒంటి మీద పడటం ఒకటి కావని ఆ కవికి తెలుసు. అందుకే ముందుచూపు అన్న పేరున్నవాడి చేతనే ఆ మాట చెప్పించాడు.